పంచె మూలన గుర్తు

మా ఆయన మాట్లాడేటప్పుడు మా ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు. కుక్కర్ విజిల్ రాకూడదు. పెరట్లో మోటారు ఆన్ చెయ్యకూడదు. ఆయన మాట్లాడేది నాతో అయితే ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. వరండాలో, మైకుల ముందు మాట్లాడేటప్పుడే ఇవన్నీ. ఆయన గణపతిరావు గారు, శ్రీకాకుళంలో ఒక పార్టీకి పట్టణ అధ్యక్షుడు. పార్టీ ఆఫీసుకి అద్దె దండగని ప్రెస్‌మీట్లన్నీ మా వరండాలోనే పెడతారు. అద్దె లేదు, టీ ఖర్చు లేదు, టీ పెట్టే మనిషికి జీతం లేదు. "మా రాజకుమారి టీ తాగితే అవతలి పార్టీవాడు కూడా మనవైపొచ్చేస్తాడు" అని ఆయన అంటారు. విలేకర్లు నవ్వి, ఖాళీ గ్లాసులు నా చేతికిస్తారు. పెళ్ళికి ముందు నేను బళ్ళో సైన్సు చెప్పేదాన్ని. ఇప్పుడు నాకొచ్చిన పేరు టీ వల్ల వచ్చింది.

ఆ సాయంత్రం కొబ్బరిముక్కలు, పచ్చిమిరపకాయలు జారులో వేసి, మూత మీద చెయ్యి పెట్టుకుని, ఎప్పుడు ముగుస్తుందా అని వంటింట్లో నిలబడ్డాను. వరండాలోంచి ఆయన గొంతు వస్తోంది. ఇంట్లో మాట్లాడే భాష కాదది, మైకు కోసం విడిగా దాచుకున్న భాష.

"ఎక్కడో వేల మైళ్ళ అవతల జరిగే గొడవకి మన కలెక్టరాఫీసు ముందు ఈ ఏడుపులేమిటని నేను సూటిగా అడుగుతున్నాను. ఉద్దానంలో కిడ్నీ రోగులున్నారు. వలసపోయే కుటుంబాలున్నాయి. వాళ్ళకోసం రాని కన్నీళ్ళు గాజా కోసం ఎలా వచ్చాయి? ఈ మహిళల వెనక ఎవరున్నారు? ఆ తెల్లగుడ్డల మూటలు ఎక్కడినుంచి వచ్చాయి? పోలీసులు తేల్చాలి."

ఆ తెల్లగుడ్డలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలుసు. మా అటక మీదున్న ట్రంకుపెట్టెలోంచి వచ్చాయి. అవి ఆయన పంచెలే.

వాటిని మా ఇంట్లో ఓడిన పంచెలంటాం. మొదటిసారి మునిసిపాలిటీకి పోటీ చేసినప్పుడు ఆయన ఓడిపోయారు. ఆ ప్రచారంలో కట్టిన పంచెలు మళ్ళీ కడితే ఆ దరిద్రం మళ్ళీ చుట్టుకుంటుందని భయం. పోనీ ఎవరికైనా ఇచ్చేద్దామంటే, "నా ఓటమి ఇంకోడి ఒంటిమీద ఊరంతా తిరగాలేటి" అని అదొక బాధ. అందుకని అవి ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. ఏటా ఎండాకాలంలో దించి, ఎండలో వేసి, కలరా ఉండలు మార్చి, మళ్ళీ మడతలు పెట్టి పైకెక్కిస్తాను. ఆయన ఓటమిని ఏటా ఎండబెట్టి మడతపెట్టడం కూడా నా పనే. దానికీ జీతం లేదు.

నాలుగు రోజుల కిందట అనూరాధ పెరటి తలుపు దగ్గరికొచ్చింది. మా వెనక వీధిలో ఉంటుంది, కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఊళ్ళో ఏ ధర్నా జరిగినా టెంటు కింద కనబడుతుంది. కిడ్నీ రోగులకి డయాలసిస్ మంచాలు పెంచమని కూర్చున్నప్పుడు కూడా ఉంది. అప్పుడు మా ఆయన ఇదే వరండాలో నిలబడి "వీళ్ళకి పనీపాటా లేదు" అన్నారు. ఇప్పుడు ఆ కిడ్నీ రోగులే ఆయనకి గుర్తొచ్చారు.

"రాజక్కా, పాత తెల్లబట్టలుంటే ఇస్తావేటి? పిల్లల మూటల్లాగ కట్టి కలెక్టరాఫీసు ముందు పెడతాం" అంది.

"పిల్లల మూటలేటి అనూ?"

తను ఫోన్ తీసి చూపించింది. గాజాలో ఒక తండ్రి, చేతుల మీద తెల్లటి మూట. రక్తం లేదు, ఏడుపు లేదు. మోచేతి నుంచి అరచేతి దాకా ఉంది మూట, అంతే. నేను ఫోన్ తనకి ఇచ్చేశాను. ఇంకేమీ అడగలేదు. స్టూలు వేసుకుని ట్రంకుపెట్టె దించాను. పంచెలకి పార్టీ రంగు అంచులుంటాయి కదా, వాటిని చింపేశాను. అంచు చింపేస్తే పార్టీ పోయి బట్ట మిగులుతుందనుకున్నాను. మూలన ఉన్న చాకలి గుర్తు సంగతి నాకు తట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే ధర్నా. మా అత్తగారు నారాయణమ్మతో రైతుబజారుకని చెప్పి సంచీ పట్టుకుని బయల్దేరాను. అవతలికి వెళ్ళే ధైర్యం చాలక, కలెక్టరాఫీసుకి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు గొడుగు కింద నిలబడ్డాను. ముప్పై నలభైమంది ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు, గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళ ముందు నేలమీద వరసలుగా మూటలు. లోపల వరిగడ్డి కుక్కారని నాకు తెలుసు. తెలిసినా అటు చూడటం కష్టమైంది. ఒక్కో మూట మీద ఒక్కో కాగితం, తెలుగులో పేరు. సల్మా, మూడేళ్ళు. యూసఫ్, ఏడాదిన్నర. మన గుండ్రటి అక్షరాల్లో ఆ పేర్లు చదువుతుంటే పక్కవీధి పిల్లల్లాగే ఉన్నారు. చివరి వరసలో కొన్ని మూటల మీద ఖాళీ కాగితాలున్నాయి. అవేమిటని ఎవరో అడిగితే అనూరాధ మైకులో చెప్పింది, పేరు పెట్టకముందే పోయినవాళ్ళని.

మా పెద్దది పేరు పెట్టకముందే పోయింది.

ఈ వాక్యం నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు. ఆ గొడుగు కింద మొదటిసారి అనుకున్నాను. పురిటిస్నానం ఇంకా కాలేదు, ఆడపిల్ల, పొద్దున్న పాలు తాగింది, మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడిపోయింది. మా ఆయన పంచె ఒకటి తీసి నిలువునా సగానికి చింపారు. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ సగంలో దాన్ని చుట్టారు, మగవాళ్ళు పట్టుకెళ్ళిపోయారు. పురిటాలు గడప దాటకూడదన్నారు. "పేరెట్టని పిల్లకి ఏడుపేటే. ఏడిస్తే రేపు పుట్టబోయేదానికి తగులుతాది" అని మా అత్తగారు నా నోటికి కొంగు అడ్డం పెట్టారు. పాలు ఇంకిపోవాలని గుండెలకి మల్లెపూలు వేసి గట్టిగా గుడ్డ కట్టారు. పూలు నలిగి, పాలు కారి, ఆ రెండూ కలిసిన వాసనలో నేను పడుకున్నాను. ఇప్పటికీ పెళ్ళిరోజుకి మా ఆయన మూర మల్లెపూలు తెస్తారు, నేను పెట్టుకోను. "మా ఆవిడకి పూలంటే పడవు, ఏటా మూర దండగ" అని అందరితో నవ్వుతారు. ఎందుకు పడవో ఆయన ఒక్కసారైనా అడిగి ఉంటే నేను ఇంకోలా బతికేదాన్నేమో.

ఎక్కడ పెట్టారని ఒకసారి అడిగాను. మా అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు. ఆయన పేపరు చదువుతున్నారు. "ఏటి ఇప్పుడు ఆ గొడవ" అన్నారు, పేజీ తిప్పారు. మా అబ్బాయి పుట్టాక ఇంకోసారి అడిగాను. ఒకడున్నాడు కదా అన్నారు. ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే "మాకు ఒకడే" అంటారు. నేను పక్కన నిలబడి తల ఊపుతాను. ఇన్నేళ్ళూ అలా ఊపాను, నా మీద నాకే అసహ్యం వేసేంతగా ఊపాను.

పోలీసులు వచ్చి ఆడవాళ్ళని లేపారు. మూటల్ని ఎత్తి వ్యానులో విసురుతున్నారు. ఒక మూట విడిపోయి గడ్డి రోడ్డుమీద పడింది. ఒక కానిస్టేబులమ్మ మాత్రం ఒక మూటని రెండు చేతుల మీదా ఎత్తింది, ఒక చెయ్యి తలకింద పెట్టి. పిల్లల తల్లి కాబోలు, చేతులకి అలవాటు. అంతలోనే గుర్తొచ్చినట్టు అటూ ఇటూ చూసి, దాన్నీ వ్యానులో వేసేసింది. నేను వంకాయలు కొనకుండానే ఇంటికొచ్చాను. అత్తగారు ఖాళీ సంచీ వైపు చూశారు. బజారు బాగోలేదన్నాను.

అదీ ఆ సాయంత్రం నేను మిక్సీ మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన సంగతి. మా ఆయన ప్రెస్‌మీట్ అయ్యాక అవతలి పార్టీ తిరుమలరావు కూడా తన ఇంటి దగ్గర మాట్లాడాడు. దేశానికి లేని బాధ వీళ్ళకెందుకన్నాడు, వెనకెవరున్నారన్నాడు. ఇసుక మీద, కాలవల మీద, చివరికి శ్మశానం గోడ మీద కూడా ఒకరంటే ఒకరికి పడని ఇద్దరూ ఆ ఒక్క రోజు ఒకే మాట మాట్లాడారు. చనిపోయిన పిల్లల గురించి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు ఆ స్నేహం చెడింది. ధనరాజు అని ఒక విలేకరి, మా ఇంట్లో రోజూ టీ తాగేవాడే, ఒక మూటని దగ్గర్నుంచి ఫొటో తీశాడు. జిల్లా పేజీలో పెద్దదిగా వేశారు. ఖాళీ కాగితం ఉన్న మూట అది. కాగితం పక్కనే పంచె మూల, మూలన నల్లజీడి గింజ రసంతో పెట్టిన చాకలి గుర్తు. ఒక అడ్డగీత, కింద రెండు చుక్కలు. ఎన్నిసార్లు ఉతికినా పోని గుర్తు.

మా వీధిలో అందరి ఇళ్ళలోనూ వాషింగ్ మెషీన్లున్నాయి. కానీ నాయకుల పంచెలు మెషీన్లో వెయ్యరు. గంజి పెట్టాలి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చెయ్యాలి, మడత కత్తిలా నిలబడాలి. అందుకని మావీ, తిరుమలరావు ఇంటివీ కూడా లక్ష్మీనరసమ్మే ఉతుకుతుంది. పంచెలన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి కాబట్టి కలిసిపోకుండా ఇంటికో గుర్తు పెడుతుంది. తిరుమలరావుది సున్నా. మాది గీత, రెండు చుక్కలు. తిరుమలరావు ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టి కింద రాశాడట. "మా ఇంటి గుర్తు సున్నా, ఇదెవరి ఇంటిదో గణపతిరావు గారే పోలీసుల చేత తేల్పించాలి" అని.

మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. స్టూలెక్కి అటక మీది పెట్టె మూత ఎత్తి చూసి, దిగి కంచం ముందు కూర్చున్నారు.

"ట్రంకుపెట్టెలో పంచీలు నేవు. అమ్మీసింది" అన్నారు.

"ఎవరు?"

"ఎవులేటి, లక్ష్మీనరసమ్మ. ఇంట్లోకొచ్చీ పోయీది అదే కదా. ఎవులు డబ్బిచ్చినారో, పట్టుకెళ్ళి ఇచ్చీసింది. మజ్జిగ పొయ్యి."

మజ్జిగ పోస్తూ ఆయన మొహంలోకి చూశాను. ఆయన చూపు నా మీంచి వెళ్ళి గోడ మీద ఆగింది. నా మీద ఆయనకి అనుమానం కూడా రాలేదు. ఆ ఇంట్లో పాతికేళ్ళపైగా ఉంటున్నాను, అటక మీదున్న పెట్టె నేనొక్కదాన్నే దించుతాను, అయినా ఒక పని చెయ్యగల మనిషిగా నేను ఆయనకి తట్టలేదు. భయపడాల్సింది పోయి నాకు కోపం వచ్చింది.

"అది కాదు. నేనిచ్చాను."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఏటి?"

"అనూరాధ అడిగింది. నేనే తీసిచ్చాను. లక్ష్మీనరసమ్మకి తెలీదు."

ఆయన తిట్టలేదు. తిడతారనుకున్నాను. ఆయన ఆలోచించేటప్పుడు ఎడమచేతి ఉంగరం తిప్పుతారు. తిప్పడం ఆగాక, ఎన్నికల బూత్ లెక్కలు చెప్పినంత నెమ్మదిగా అన్నారు.

"నువ్వివ్వనేదు. నువ్వా పెట్టె ముట్టుకోనేదు. రేపొద్దున్న లక్ష్మీనరసమ్మొస్తాది. బుద్ది గడ్డి తిని అమ్మీసినాను బాబూ అని మైకుల ముందు ఒక్క ముక్క సెప్తాది. నాను పెద్దమనసు సేసుకుని వదిలేస్తాను. కేసుండదు. దానికేదో సర్దుతాను."

"చెయ్యని దొంగతనం ఒప్పుకుంటే రేపట్నుంచి దానికి ఎవరిస్తారండీ బట్టలు?"

"నువ్వు టీ సంగతి సూసుకో."

గుమ్మం దగ్గర కూర్చున్న మా అత్తగారు అందుకున్నారు. "మొగుడి పరువు కన్నా గుడ్డలుతికీది ఎక్కువైపోనాదేటే నీకు? ఆడది ఇంట్లో గుడ్డ బయటకిస్తే ఇంట్లో గుట్టు బయటకిచ్చినట్టే."

ఆ మధ్యాహ్నమంతా నాకు ఒకచోట కాలు నిలవలేదు. తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను. బియ్యం ఏరడానికి కూర్చుని, చేటలో వేలు ఆడిస్తూ, ఏరింది మళ్ళీ కలిపేశాను. చెబితే ఈ ఇంట్లో ఏమవుతుందో తెలుసు. చెప్పకపోతే లక్ష్మీనరసమ్మకి ఏమవుతుందో కూడా తెలుసు. మొదటిది నా భయం, రెండోది ఇంకొకరి బువ్వ. ఈ రెండూ ఒక తూకం కావని తెలిసి కూడా చాలాసేపు తూచాను.

దీపాలు పెట్టే వేళకి లక్ష్మీనరసమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. ఇస్త్రీ పంచెలు అరుగుమీద పెట్టి, లోపలికి రాకుండా అక్కడే కూలబడింది.

"బాబు కబురెట్టినారమ్మా. నానే అమ్మీసినానని సెప్పాలట. నానేటి సెయ్యను? ఒకింట్లో దొంగనన్న మాటొస్తే అన్నిళ్ళూ తలుపేసీసుకుంటాయి. ఒప్పుకోనంటే టేసన్లో పెడతారంట."

"నువ్వు ఇవ్వలేదని నాకు తెలుసు లక్ష్మీనరసమ్మా."

"మీరిచ్చినారని నాకూ తెలుసమ్మా." తల ఎత్తి నా వైపు చూసింది. "పేపర్లో బొమ్మ మావోడు సూపించినాడు. నాకు పాప గుర్తొచ్చింది."

నాకు అర్థం కాలేదు. ఏ పాపని అడిగాను.

"మీ పెద్దపాపమ్మా. ఆ పొద్దు సుట్టిన పంచీ నాను ముందురోజు ఉతికి తెచ్చిందే. మీ పురిటిగుడ్డలు తీసుకెళ్దామని వచ్చినాను. గుమ్మంలో నా ఎదురుగానే పట్టుకెళ్ళినారు. గుడ్డ మూల పైకి లెగిసి ఉన్నాది. గీత, రెండు సుక్కలు. నానెట్టిన గుర్తే. సిన్న మూట. నాను మరిసిపోనేదు. మీకెవులూ ఏడవడానికి కూడా సందివ్వనేదు. నాను రేవులో గుడ్డలుతుకుతా ఏడిసినానమ్మా."

నా కూతురు కోసం ఒక మనిషి ఏడ్చింది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలీదు. ఆ పిల్లకి పేరు లేదు, జాతకం లేదు, ఫొటో లేదు. నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదనుకున్నాను. గుర్తుంది. ఒంటిమీద మా ఇంటి గుర్తుతోనే అది వెళ్ళిందన్నమాట. నేను గడప మీద కూర్చుని ఏడ్చాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. లోపల్నుంచి మా అత్తగారు "ఏటది, ఏటా ఏడుపు" అని కేకేస్తున్నారు. లక్ష్మీనరసమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నీళ్ళల్లో నాని నాని గరుకెక్కిన చెయ్యి.

"రేపు రా. నువ్వేమీ మాట్లాడకు. ఒప్పుకోకు, కాదనకు. ఊరికే నిలబడు" అన్నాను.

పొద్దున్న వరండా నిండిపోయింది. టీపాయ్ మీద మైకులు, వాటి వెనక మా ఆయన, గంజి పంచె. మెట్ల దగ్గర లక్ష్మీనరసమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. కెమెరాలన్నీ దానివైపే తిరిగి ఉన్నాయి. అది తలొంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నా రాజకీయ ఎదుగుదల ఓర్వలేని కొందరు, మా ఇంట్లో పనిచేసే అమాయకురాలికి ఆశ చూపించి..."

టీ పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. అలవాటుగా అందరూ చేతులు చాచారు. నేను గ్లాసులు అందించలేదు. పళ్ళెం తీసుకెళ్ళి మైకుల మధ్య పెట్టాను. ఆయన ఆగి, లోపలికి పొమ్మన్నట్టు కనుబొమలు ఎగరేశారు. నేను వెళ్ళలేదు.

"ఆ పంచెలు ఇచ్చింది నేను. లక్ష్మీనరసమ్మకి ఏ సంబంధమూ లేదు" అన్నాను.

కెమెరాలు లక్ష్మీనరసమ్మ మీంచి నా వైపు తిరిగాయి. తర్వాత ధనరాజు మైకు నా వైపు జరిపాడు. ఇన్నేళ్ళుగా నా టీ తాగుతున్నవాడు, నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఎందుకిచ్చారు మేడమ్? ఎక్కడి గాజా, ఎక్కడి శ్రీకాకుళం. ఆ పిల్లలతో మీకేటి సంబంధం?"

మా ఆయన నవ్వారు. ప్రజలతో ఫొటో దిగేటప్పుడు నవ్వే నవ్వు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఆవిడకివేమీ తెలీవండీ. ఆడమనసు కదా, ఎవరేది అడిగినా ఇచ్చేస్తుంది. మాకు ఒక్కడే కొడుకు, ఏ పిల్లల్ని చూసినా ఆవిడకి..." అన్నారు.

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను.

"ఒక్కడు కాదు, మాకు ఇద్దరు" అన్నాను. "పెద్దది కూతురు. దాన్ని కూడా ఈ గుర్తున్న పంచెలోనే చుట్టి పట్టుకెళ్ళారు. ఎక్కడ పెట్టారో మీ నాయకుణ్ణి అడగండి. నాకు ఇంతవరకూ చెప్పలేదు."